కళంకితుని చేతి నియామకము

అవినీతిపరుడని లోకము వ్రేలు చూపుచున్న యధికారి, తన పదవి యింకను పోకమున్నే మఱియొకనికి పదవి నిచ్చెనేని, ఆ రెండవ పదవి ధర్మసమ్మత మగునా, కాదా? ఈ ప్రశ్న రాజధానులలోని పెద్దలకు మాత్రమే సంబంధించినదని తలపరాదు. మన రాచర్ల, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములలో నేదేని కచేరి యధికారి లంచము పుచ్చుకొనుచు పట్టువడెనని వార్త వచ్చినప్పుడెల్ల, ఆతడు సంతకము చేసిన కాగితములు చెల్లునా యని రచ్చబండ కడ నీ ప్రశ్నయే పుట్టును. చౌకధరల దుకాణమునకు డీలరైనవాడు, అంగన్‌వాడీలో పనికి కుదిరిన పేదరాలు, దేవాలయమునకు ధర్మకర్తగా వేయబడిన గృహస్థుడు, వీరందఱును ఎవరిదో యొక సంతకము నీడను బ్రతుకుచున్నవారే. ఆ సంతకము చేసిన చేయి మైలపడినదని తెలిసిన నాడు వీరి గతి యేమి?

దీనికి తొందరపడి చెప్పబడు సమాధానములు రెండు. కుండ విషపుకుండ యైనచో నందు పోసిన పాలును విషమే యని యొక పక్షము. కుర్చీకి మైల లేదు, సంతకము పడినది, ముద్ర పడినది, ఇక మాటాడ పని లేదని రెండవ పక్షము. మొదటిది నీతిపరుల నోట హెచ్చుగా వినబడును. రెండవది పదవి పొందినవారి నోట. మేము రెండింటిలో దేనిని నంగీకరింపజాలకున్నాము. మొదటి పక్షమువారు చేతిని మాత్రమే చూచుచున్నారు. రెండవ పక్షమువారు కాగితమును మాత్రమే చూచుచున్నారు. ఇచ్చిన వస్తువు అసలెవరి సొత్తు, దానిని పుచ్చుకొన్నవాడు ఏ హక్కున నిలిచియున్నాడు అని యడుగువారు అరుదు.

ఈ విచారమునకు మన యాంధ్రదేశ చరిత్రలోనే తగిన నిదర్శనము కలదు. ఠాకూరు రామలాలుగారు హిమాచల ప్రదేశమునకు ముఖ్యమంత్రిగా నుండి, అచ్చటి యడవుల కలప కుంభకోణమును గూర్చిన యారోపణలు చెలరేగగా 1983వ సంవత్సరము ఏప్రిలు నెలలో పదవిని వదలిరి. నల్లమల యంచున గాపురముండు మనకు కలప దొంగతన మనగా నేమో యెవ్వరును విప్పి చెప్పనక్కఱలేదు; ఒక చెట్టు కొట్టుట కెందఱి కండ్లు మూయింపవలెనో మనవారెఱుగుదురు. ఆరోపణ వేఱు, ఋజువు వేఱు. ఈ వ్యాసమునకు గావలసిన దారోపణ మాత్రమే గనుక ఋజువు జోలికి మేము పోము. పదవి వదలిన నాలుగు నెలలకే, అనగా 1983 ఆగష్టు 15వ తేదీన, ఆయన ఆంధ్రప్రదేశమునకు గవర్నరుగా వచ్చిరి. ఒక రాష్ట్రమున ముఖ్యమంత్రిగా నుండుటకు వీలుపడనివారిని మఱియొక రాష్ట్రమున రాజ్యాంగమునకు గావలిగా నుంచుట యెట్టి తర్కమో మాకు బోధపడలేదు.

సరిగా నొక సంవత్సరము గడచెను. 1983 జనవరి యెన్నికలలో 294 స్థానములు గల శాసనసభలో రెండువందలకు మించిన స్థానములను గెలుచుకొని ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిరి. వచ్చిన రెండు మూడు దినములకే, 1984 ఆగష్టు 16వ తేదీన, రామలాలుగారు వారి మంత్రివర్గమును తొలగించి, ఆ మంత్రివర్గములోనే ఆర్థికమంత్రిగా నుండిన నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిగా నియమించిరి. తనవెంట నున్న శాసనసభ్యులను రామారావుగారు రాజభవనమునకు గొనిపోయిరి. సభను సమావేశపఱచినచో నచ్చటనే బలము చూపుదుమనిరి. ఆ మాట చెల్లలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రము బలము నిరూపించుకొనుటకు నెలదినముల గడువు దొరకెను. తనకు బలము కలదని తలలు చూపినవానికి గడియ లేదు, తలలు వెదకుకొనవలసినవానికి నెల కలదు! కొన్ని దినములకు రామారావుగారు చక్రముల కుర్చీలో గూర్చుండియే, సభలో సగముకంటె హెచ్చుమంది సభ్యులను ఢిల్లీకి గొనిపోయి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగుగారి యెదుట నిలిపిరి.

ఈ నియామకము తప్పని నేడు దాదాపు అందఱును ఒప్పుకొందురు. మేమడుగున దొక్కటి: అది తప్పగుటకు గారణము హిమాచలపు కలపయా?

కాదని మా యభిప్రాయము. అదే గవర్నరుగారు అదే సంవత్సరము జనవరి 6వ తేదీన నొక ఆర్డినెన్సుపై సంతకము చేసిరి. దానిచేత ఆంధ్రప్రదేశములోని గ్రామోద్యోగములు, అనగా తరతరములుగా కొన్ని కుటుంబములలో నిలిచిపోయిన కరణీకములును మునసబీలును, ఒక్క కలముపోటున రద్దయ్యెను. ఆ మార్పు ఎంతటిదో పాత గిద్దలూరు తాలూకాలోని పెద్దలను అడుగుడు. ఊరి లెక్క, ఊరి హద్దు, ఊరి తగవు, ఎవరి చేను ఎవరి పేర నున్నదను రహస్యము, ఇవి యన్నియు నొక యింటి భోషాణములో నుండిన దినములు పోయినవి. గ్రామోద్యోగులు న్యాయస్థానములకెక్కిరి, 1985లో సుప్రీము కోర్టు ఆ శాసనము చెల్లునని తీర్పు చెప్పెను. మీ గవర్నరు మీద కలప యారోపణ యున్నది, కాబట్టి మా కరణీకము మాకిండని యెవ్వడైన వచ్చి నేడడిగినచో వాడు నవ్వులపాలగును. జనవరిలో సంతకము చేసిన చేయియు ఆగష్టులో సంతకము చేసిన చేయియు నొక్కటే. మైల చేతిదే యైనచో రెండు సంతకములును సమముగా మైలపడవలెను గదా!

భేద మెచ్చట నున్నది? జనవరిలో ఆయన మంత్రివర్గము సలహా నందుకొని సంతకము చేసిరి. ఆ సంతకమునకు బలము ఆయన గుణము వలన రాలేదు. ప్రజలెన్నుకొన్న మంత్రుల వలన వచ్చెను. గవర్నరు మంచివాడైనను చెడ్డవాడైనను ఆ శాసనము తన కాళ్లమీద నిలువగలదు. ఆగష్టులో నట్లు కాదు. అచ్చట సలహా లేదు, సభ లేదు, ఉన్నది ఆయన విచక్షణ యొక్కటే. ముఖ్యమంత్రిని గవర్నరు నియమించునని రాజ్యాంగము 164వ అధికరణము చెప్పుచున్నమాట నిజము. అయినను ఆ పదవి గవర్నరు పెట్టెలోని సొమ్ము కాదు. అది శాసనసభ విశ్వాసమునకు చెందినది. గవర్నరు దానిని చేర్చవలసినచోట చేర్చు టపాబంట్రోతు వంటివాడు. ఉత్తరమును తనకు దోచిన యింట పడవేసిన బంట్రోతు నిష్కళంకుడైననేమి, కళంకితుడైననేమి, ఉత్తరము పరాయియింట పడినదే. నిప్పువంటి మనుష్యుడొకడు ఆ దినమున రాజభవనములో నుండి యిదే పని చేసియుండినను అది యింతే తప్పగును. సభలో బలమును సభలోనే తేల్చవలెనని సుప్రీము కోర్టు 1994లో బొమ్మైగారి వ్యాజ్యెమున స్థిరపఱచెను. కాని ధర్మము ఆ తీర్పు కొఱకు పదేండ్లు కాచుకొని యుండలేదు.

అట్లయిన కళంకమునకు విలువయే లేదా యని యడుగుదురేమో. కలదు, కాని దాని చోటు వేఱు. దీనిని న్యాయస్థానపు పరిభాషలో చెప్పెదము. ఒకని నమ్మకమునకు పాత్రుడైనవాడు, ఆ నమ్మినవానితోనే తనకు లాభకరమగు వ్యవహారము చేసినచో, ఆ వ్యవహారము మోసమని చట్టము వెంటనే నిర్ణయింపదు. అది సద్బుద్ధితో జరిగినదని చూపు భారమును మాత్రము నమ్మకము పొందినవాని నెత్తిన పెట్టును. ఈ నియమము 1872 నాటి సాక్ష్యచట్టమున నుండెను; దాని స్థానమున 2024లో అమలునకు వచ్చిన కొత్త చట్టములోను నిలిచియున్నది. కళంకితుడగు నధికారి చేసిన నియామకమునకు గూడ నిదియే తగిన న్యాయమని మేము తలంచుచున్నాము. కళంకము నియామకమును చంపదు. ఋజువు భారమును మార్చును. సామాన్యకాలమున నియామకము తప్పనువాడే దానిని ఋజువు చేయవలెను. ఇచ్చినవాని నడత మీద సందేహము గలిగి, ఇచ్చుట ఆతని యిష్టము మీదనే ఆధారపడినప్పుడు, పుచ్చుకొన్నవాడే ముందుకు వచ్చి తన హక్కును చూపవలెను. ఇచ్చిన చేతిని కాసేపు తీసివేయుదము. అప్పుడును ఈతడు నిలువగలడా? అంగన్‌వాడీ పేదరాలికి చదువున్నది, ఆ యూరి నివాసమున్నది, వరుసలో తన పేరున్నది. అధికారి మాఱినను ఆమెకే యా పని వచ్చియుండును. ఆమెను కదలించుట యన్యాయము. భాస్కరరావుగారి విషయమున చేతిని తీసివేసినచో మిగిలినదేమి? నెల గడువిచ్చినను సభలో చాలినన్ని తలలు కనబడలేదు.

ఇది మనకు కొత్తయైన తగవు కాదు. నాలుగవ శతాబ్దమున ఉత్తరాఫ్రికాలోని కార్తేజి పట్టణమున కెసీలియనుడనునతడు క్రైస్తవసంఘమునకు బిషప్పుగా నియమింపబడెను. ఆతనికి పట్టము గట్టినవారిలో ఫెలిక్సు అను బిషప్పు, చక్రవర్తి హింసకు జడిసి పవిత్రగ్రంథములను శత్రువుల కప్పగించెనని కొందఱారోపించిరి. ద్రోహి చేతితో గట్టబడిన పట్టము పట్టమే కాదని వారు వేఱుపడి వేఱొక బిషప్పును నిలిపిరి. విచారణ జరుగగా ఫెలిక్సు నిర్దోషి యని తేలెను. అంతేగాక, 314లో ఆర్లు పట్టణమున గూడిన సభ యింకను ముందునకు బోయి, అట్టి ద్రోహి చేత నియమింపబడినవారైనను తాము యోగ్యులైనచో ఆ నియామకము వారికి బాధకము గాదని నిర్ణయించెను. వేఱుపడినవారి పట్టుదల చల్లాఱలేదు; ఆ చీలిక నూఱుల యేండ్లు నిలిచెను. వారి శుచిపట్టింపును మేము కించపఱుపము. కాని వారి సూత్రమును ఒప్పుకొన్నచో ఎవనికిని తన పదవిమీద నిశ్చయముండదు. నన్ను నియమించినవాని గుణము, వానిని నియమించినవాని గుణము, ఆ పైవాని గుణము, ఇట్లు ఎక్కుచు పోవలసినదే. మన దేశమున నీ మెట్లెక్కువాడు దిగివచ్చునను నాశ మాకు లేదు.

ఇచ్చినవానిని గూర్చి యింత వాదించుచు లోకము పుచ్చుకొన్నవానిని మఱచుచున్నది. మా దృష్టిలో అసలు నైతికప్రశ్న వానిదే. భారతకథలో అస్త్రవిద్యాప్రదర్శనము నాడు దుర్యోధనుడు కర్ణునికి అంగరాజ్య మిచ్చెను. ఎందుకిచ్చెను? కర్ణుని యోగ్యత చూచి కొంత; అర్జునునికి సరిజోడు తన పక్షమున నుండవలెనని చాల. కర్ణుడు అయోగ్యుడా? కాడు. రంగములో నున్నవారందఱును ఆతని పరాక్రమమును కన్నులార చూచిరి. అయినను ఆ దినమునుండి కర్ణుడు స్వతంత్రుడు కాడు. తన జన్మరహస్యము తెలిసిన పిమ్మట గూడ, ఉప్పు తిన్నవాడను గనుక విడువజాలననెను. అంగరాజ్యము చెల్లెనా యన్న చెల్లెను. చెల్లినందువలననే యాతడు చిక్కెను. యోగ్యుడైనవానికి అయోగ్యపు కారణముచేత పదవి నిచ్చుట, అయోగ్యునికి పదవి నిచ్చుటకంటె హెచ్చు ప్రమాదకరమని మాకొక్కొక్కప్పుడు తోచును. అయోగ్యుడు త్వరలో బయటపడును. యోగ్యుడు జీవితాంతము ఋణము తీర్చుచునే యుండును.

ఇటీవలి కాలమున అమెరికాలో నిట్టిదే యొకటి జరిగెను. ఇల్లినాయి రాష్ట్రపు గవర్నరు బ్లాగొయెవిచ్చు, బరాక్ ఒబామాగారు అధ్యక్షులుగా నెన్నికై ఖాళీ చేసిన సెనేటు స్థానమును అమ్మజూచెనను నేరమున 2008 డిసెంబరు 9వ తేదీన పట్టుబడెను. పట్టుబడియు పదవి వదలక, ఆ నెల 30వ తేదీన అదే స్థానమునకు రోలండు బర్రిస్సు అను పెద్దమనిషిని నియమించెను. సెనేటు పెద్దలు మొదట నితనిని లోనికి రానీయలేదు. ఆ రాష్ట్రపు సుప్రీము కోర్టు నియామకమున చట్టపు లోపము లేదనగా 2009 జనవరిలో కూర్చుండనిచ్చిరి. ఆ నెల ముగియకమున్నే గవర్నరు అభిశంసనమున తొలగింపబడెను. 2011లో శిక్షార్హుడని తేలెను. బర్రిస్సుగారు పూర్వము తమ రాష్ట్రమున అటార్నీ జనరలుగా నెన్నికైనవారు, అనామకులు కారు. కాని నియామకమునకు ముందు గవర్నరు మనుష్యులతో జరిపిన సంభాషణలను గూర్చి వారు చెప్పిన మాటలు మాఱుచు వచ్చినవని సెనేటు నీతిసంఘము ఆ సంవత్సరము నవంబరులోనే వారిని మందలించెను. 2010 ఎన్నికలో వారు నిలువలేదు. ఇచ్చట మైల వేఱొక వ్యవహారమునందలిది కాదు. ఏ స్థానమును అమ్మజూచెనని నేరము మోపబడినదో ఆ స్థానమునే యిచ్చినాడు. హిమాచలపు కలపకును హైదరాబాదు కుర్చీకిని నడుమ నున్నంత దూరము ఇచ్చట లేదు. అట్టిచోట పుచ్చుకొనువాని భారము మిక్కిలి బరువైనది, అది వాగ్మూలముతో తీఱునది కాదు. వలదను టొక్కటే ఆతనికి గౌరవప్రదమగు దారియని మా నమ్మకము. బర్రిస్సుగారు కానిచో మఱియొకడు పుచ్చుకొనియుండును గదా యందురు. కావచ్చును. ఇంకొకడు చేయునను సమాధానము మన యూళ్లలో వరకట్నము పుచ్చుకొనువారును చెప్పుదురు.

మఱియొక చిక్కు కలదు. నియామకము చెల్లదని తేలినదనుకొందము. ఆ లోపల ఆతడు చేసిన పనుల మాట యేమి? ఆ నెలదినములలో సంతకమైన జీతపు బిల్లులు, ఉత్తరువులు, అనుమతులు అన్నియు గాలికి పోవలసినవేనా? ఇందునకు సమాధానము మన యాంధ్రదేశపు వ్యాజ్యెముననే వచ్చెను. కొందఱు సెషన్సు న్యాయాధిపతుల నియామకమును సుప్రీము కోర్టు కొట్టివేసెను. అంతకుమున్ను వారి విచారణలో శిక్ష పడినవారు, న్యాయాధిపతియే కానివాని తీర్పు తీర్పెట్లగునని వాదించిరి. గోకరాజు రంగరాజుగారి వ్యాజ్యెమని పేరుపడిన దానిలో, 1981లో, పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టున నుండిన ఓ. చిన్నప్పరెడ్డిగారు ఆ వాదమును త్రోసివేసిరి. అధికారము కలదను రూపముతో పదవిలో నున్నవాడు ప్రజల కొఱకు చేసిన పనులు, ఆతని నియామకములో లోపము తరువాత బయటపడినను, చెల్లును. అయితే బొత్తిగా హక్కు లేక చొఱబడినవానికి ఈ రక్షణ లేదు.

ఈ సూత్రమును పలువురు తలక్రిందుగా చదువుచున్నారు. చేసిన పనులు చెల్లినవి గనుక చేసినవాడును ధర్మముగా నున్నట్లే యని వారనుకొందురు. ఆ గొడుగు పట్టబడినది పదవి పొందినవాని కొఱకు కాదు. ఆతని కచేరికి బోయి, ఆతడు నిజమైన యధికారియని నమ్మి, కాగితము తెచ్చుకొన్న రైతు కొఱకు. రాచర్ల నుండి గిద్దలూరునకు పోయి పట్టాదారు పుస్తకము వ్రాయించుకొన్న రైతు, ఆ కుర్చీలోని మనిషిని ఎవరు వేసిరి, వేసినవారిమీద నేరమేమైన నున్నదాయని విచారించి పోవలెనా? ఆతనికి గొడుగు కావలెను. కుర్చీలోనివాడు ఆ గొడుగు క్రింద దూరినచో బయటికి పంపవలెను.

మేము చెప్పిన న్యాయమునకు లొంగని సందర్భములు లేకపోలేదు. పశ్చిమబంగాళమున బడులలో ఉపాధ్యాయుల నియామకములు డబ్బుకు అమ్ముడుపోయెనని తేలగా, యోగ్యులను అయోగ్యులనుండి విడదీయుట సాధ్యము గాకుండ లెక్కలు చెడిపోయినవని 2025 ఏప్రిలు 3వ తేదీన సుప్రీము కోర్టు ఇరువదియైదు వేలకు పైబడిన నియామకములను ఒక్కపెట్టున రద్దు చేసెను. అందులో చదివి, వ్రాసి, న్యాయముగా గెలిచినవారును గలరు. వారు తమ ఋజువు భారమును మోయుటకు సిద్ధమే. కాని మోయవలసిన కాగితములనే పైవారు మాయము చేసిరి. చేతిని తీసివేసి చూతమంటిమి గదా. ఇచ్చట చూడనిచ్చు వెలుతురే లేదు. ఆ తీర్పు తప్పని మేము చెప్పజాలము, దానిని విని సంతోషింపను జాలము. కళంకితుడైన యధికారి చేయు పాపములలో తాను తిన్న సొమ్ముకంటె పెద్దది బహుశః ఇదియే: నిర్దోషి తన నిర్దోషత్వమును చూపుకొనుటకు దారిలేకుండ జేయుట.

1984 సంగతి ముగింపవలసియున్నది. ఆగష్టు నెల ముగియకమున్నే రామలాలుగారు వెడలిపోయిరి. శంకర్ దయాళ్ శర్మగారు గవర్నరుగా వచ్చిరి. సెప్టెంబరు 16వ తేదీన భాస్కరరావుగారు దిగిపోగా రామారావుగారు మరల ప్రమాణము చేసి, సభ విశ్వాసమును పొందిరి. రామలాలుగారిని పంపిన కేంద్రప్రభుత్వమే శర్మగారినిగూడ పంపెను. ఆ కారణముచేత రామారావుగారి పునర్నియామకము మైలపడెనని యెవరైన అనగలరా? వారి హక్కు శర్మగారి చేతిలో లేదు, శర్మగారిని పంపినవారి చేతిలోను లేదు. ఆ నవంబరులో వారు సభను రద్దుచేయించి, 1985 మార్చిలో మరల ప్రజలయొద్దకు బోయి రెండువందలకు మించిన స్థానములతో తిరిగివచ్చిరి. భాస్కరరావుగారును 1998లో ఖమ్మము ప్రజలచేత లోకసభకు ఎన్నుకొనబడిరి. ఆ స్థానమును గూర్చి ఎవరిచ్చిరని యడుగవలసిన పని యెవ్వరికిని లేకపోయెను.